కాపురమున్న యింట మరమ్మతు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి గాని, చంటిబిడ్డలతో కాపురముండగా ఆ యింటినే పగులగొట్టి చూడుమని చెప్పినవారు లేరు. ఆ యనుభవము గడచిన వేసవిలో మాకు కలిగినది.

మా యిల్లు విశాఖపట్టణమున కురుపాం మార్కెట్టునకు సమీపమున నున్నది. ముందుభాగము మావారి తాతగారినాటి పెంకుటిల్లు. వెనుకటి రెండు గదులును మామగారు వేయించిన స్లాబు. 2014 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముమీదనే తీరము దాటినపుడు పెంకులు కాకులగుంపువలె నెగిరిపోయినవని అత్తగారు ఇప్పటికిని చెప్పుచుందురు. నేనప్పటి కింకను ఈ యింటికి రాలేదు. పెంకులు మరల వేయించిరి. స్లాబు నిలిచినది గదా యని దానివైపు ఎవరును చూడలేదు.

చూడవలసినది దానినే. సముద్రపుగాలిలోని యుప్పు సన్నని పగుళ్లవెంట కాంక్రీటులోనికి దిగి, లోపలి యినుపచువ్వలను చేరును. చువ్వ త్రుప్పుపట్టి అసలు యినుముకంటె రెండింతలు, మూడింతలు ఉబ్బును. ఉబ్బినది చోటు కోరును. చోటు లేక కాంక్రీటును చీల్చును. ఉక్కు పుట్టించు ఊరిలో ఉక్కును తినునదియు ఈ యూరిగాలియే. 1971 లో శంకుస్థాపన జరిగి 1992 లో జాతికంకితమైన కర్మాగారము ఒకవైపు, దానికంటె ఎంతో పాతదైన సముద్రము ఒకవైపు. నడుమ మా పడకగది.

మాఘమాసములో నొక మధ్యాహ్నము, రెండేండ్ల పిల్లవాడు నిద్రించు మంచముమీద రెండరచేతుల వెడల్పుగల పెచ్చు ఊడిపడినది. వాడప్పుడే పాలకై లేచి నాయొద్దకు వచ్చియుండెను. తలగడ నడుమ గుంటపడినది. ఆ తలగడను నేను చాలదినములు ఉతుకలేకపోతిని.

మావారు బడిపంతులు. ఇంటి మరమ్మతునకును వేరింటి యద్దెకును ఒక్కజీతము చాలదు. "పిల్లలను తీసికొని విజయనగరము, మీ పుట్టింటికి పొమ్ము" అనిరి. పెద్దపిల్ల చదువు విడిచి పోవుటెట్లు? మోకాళ్లనొప్పులతో నున్న అత్తగారికి వండి పెట్టువారెవరు? నేను కదలలేదు. అది ధైర్యమో మొండితనమో నేటికిని నిశ్చయింపజాలను.

వంట వసారాలోనికి మారినది. పొయ్యికి మూడువైపుల రేకులు నిలిపినను, పెరుగుగిన్నెపై మీగడకు మారుగా సున్నపుదుమ్మే తేలుచుండెను. పిల్లకు మాత్రము పండుగయే. బొమ్మలను వరుసగా నిలిపి "మాలు కలపండి, మాలు!" అని మేస్త్రివలె కేకలువేసి, సాయంత్రము చింతగింజలతో కూలి చెల్లించెడిది.

ఒకనాడది పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, బీచి మన వీధిలోనికి వచ్చినది!" అనెను. దాని గుప్పిట గవ్వముక్కలు. పోయి చూడగా, ఉదయము లారీలో దింపిన యిసుక తెల్లగా, మిక్కిలి సన్నముగా నున్నది. గుప్పెడు గ్లాసులో వేసి, నీరుపోసి, తేరిన పిమ్మట నాలుకకు రాచుకొంటిని. ఉప్పు!

మేస్త్రి నవ్వి, "గోడకి పూసే ఇసకకి రుచి సూత్తారేటండి, అమ్మగారూ?" అనెను.

"ఏ యుప్పు ఈ స్లాబును తిన్నదో, ఆ యుప్పునే మరల దానికి పూసెదవా, నాయనా?" అంటిని.

ఇసుక పంపినవాడు చాలసేపు వాదించెను. వీధిలోనివారు గుమిగూడిరి. మావారికి ఇట్టివి గిట్టవు. తలవంచుకొని నిలిచియుండి, తుదకు "ఆమె చెప్పినట్లే కానిండు" అనిరి. రెండుదినముల తరువాత నాగావళి యిసుక ఎక్కువ వెలకు వచ్చినది. ఆ వెల నా చేతిగాజుల రిపేరుకై దాచిన సొమ్ములోనిది. పిమ్మట మేస్త్రి కూడ, చువ్వల త్రుప్పును తీగబ్రష్షుతో గీకి, మందుపూసి, నన్ను పిలిచి చూపిన పిదపనే కొత్తమాలు పెట్టెను.

ఇసుకను కనిపెట్టితినని గర్వించితిని గాని, నా కన్నుగప్పినది వేరొకటి. పాతతలుపుల రంగును పనివారు ఉప్పుకాగితముతో పొడిగా రుద్దుచుండిరి. పాతకాలపు నూనెరంగులలో సీసము మెండు. మన దేశమున ఇంటిరంగులలో సీసము 90 పి.పి.యం. మించరాదను నియమము 2016 లో వెలువడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. మా తలుపు లంతకుముందువి. పిల్లవాడు గడపయొద్ద కూర్చుండి ఆకుపచ్చని పెచ్చును చప్పరించుచుండగా అత్తగారు చూచి కేకవేసిరి.

నోట వ్రేలుపెట్టి తీసి, రక్తపరీక్ష చేయించితిమి. ఫలితము వచ్చుటకు నాలుగుదినములు. ఆ నాలుగుదినములును నేను ఎవరితోను సరిగా మాటలాడలేదు. డెసిలీటరు రక్తమున 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో, సీసమెచ్చటనుండి వచ్చినదో కనిపెట్టి మాన్పవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 లో సూచించినది. దానికి లోబడినదంతయు క్షేమమనుటకును వీలులేదు. మావానిది 5 కంటె తక్కువ. మరల మూడుమాసములకు చూపుమని వైద్యురాలు చెప్పిరి. నాటినుండి తలుపులను తడిపియే గీకించితిని. రాలినదానిని తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టించితిని. ఆ గంటలలో పిల్లలిద్దరును పొరుగింట నుండిరి. మొదటిదినముననే అట్లు చేయింపవలసినది.

కొత్తపూత ఆరకుండ మేడపై మడులుకట్టి నీరు నిలిపిరి. డెంగీదోమకు అట్టి తేటనీరే పుట్టినిల్లు. గ్రుడ్డు దోమయగుటకు వారము, పదిదినములు చాలును. కావున నాలుగుదినముల కొకమారు నీరు వదలించి, ఆరకమునుపే మరల పెట్టించితిని. మేస్త్రి గొణిగెను గాని చేసెను.

జూన్‌లో తొలివాన రాత్రివేళ వచ్చినది. నేను లేచి వెనుకగదిలోనికి పోవునప్పటికే అత్తగారు చీకటిలో మంచముప్రక్కన ఇత్తడిబిందె పెట్టి కూర్చుండియుండిరి. ఇద్దరమును పైకి చూచుచు చాలసేపుంటిమి. బిందెలో చుక్కపడలేదు. వసారాలో మాత్రము రెండుచోట్ల కారినది. ఆ పెంకులపని మిగిలియున్నది. వానలు వెనుకబడినపిదప వచ్చెదనని మేస్త్రి మాటయిచ్చినాడు.