అవ్వ ఏరిన ఇప్పపువ్వు

ఇంకా తెల్లారలేదు. ఉట్నూరు వైపు ఓ గోండు గూడెంలో అవ్వ గంప పట్టుకుని ఇప్పచెట్టు కిందికి బయల్దేరింది. ఎండెక్కితే రాలిన పూలు వాడిపోతాయి, లేదంటే పశువులు తినేస్తాయి. అందుకే ఆ తొందర.

హోలీకి ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికొచ్చిన మనవరాలూ వెంట నడిచింది. నాలుగడుగులకే ఆయాసం. రక్తం తక్కువుందని బడిలో పరీక్ష చేసి చెప్పారట.

‘మా కాలంల ఈ మాటే ఇనలేదు బిడ్డా’ అంది అవ్వ. అప్పట్లో పరీక్ష చేసేవాళ్లు మాత్రం ఎవరున్నారు లెండి!

అయితే అవ్వ చిన్నప్పటి తిండి వేరు. జొన్న గట్క, సామల అన్నం, పప్పు. వానాకాలం అడవి ఆకుకూరలు, గడ్డలు, వెదురు కొమ్ములు. ఎండాకాలం మొర్రిపండ్లు, తునికిపండ్లు. గింజలు అడుగంటిన రోజుల్లో ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వే ఉడికించుకునేవాళ్లు.

ఆ వంటిల్లు ఒక్కరోజులో మారలేదు. బ్రిటిష్‌ వాళ్లు 1865లో, 1878లో అడవి చట్టాలు తెచ్చారు. అడవిని సర్కారు సొత్తు చేసిన ఆ పద్ధతే నిజాం రాజ్యంలోకీ వచ్చింది. పోడు కొడితే నేరం. పశువుల్ని మేపితే పన్ను, కట్టెలు తెస్తే పన్ను. ఇప్పపువ్వును ఆబ్కారీ వాళ్లు సారా సరుకుగానే చూశారు. అది ఒకరి అన్నం కూడా అన్న సంగతి ఎవరికి పట్టింది!

కొమురం భీం 1940లో జోడేఘాట్‌ గుట్టల్లో ప్రాణాలిచ్చింది ఆ అడవి మీద, ఆ భూమి మీద హక్కు కోసమే. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య ఉండి పనిచేశాక కొందరికి పట్టాలు దక్కాయి. దక్కిన భూముల్లోనూ ఎన్నో తర్వాత బయటివాళ్ల చేతుల్లోకి జారిపోయాయి. మిగిలిన చెలకల్లో చాలాచోట్ల జొన్న పోయి పత్తి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలయ్యాక పొయ్యి మీంచి గట్క కుండ మెల్లగా దిగిపోయింది. కడుపు నిండింది, కాదనలేం. ఆకలి కంటే తెల్లన్నం నయమే. కానీ జొన్నతోపాటు పప్పూ, ఆకూ, పండూ పళ్లెంలోంచి తప్పుకున్నాయి.

ఇది ఆదిలాబాద్‌కే పట్టిన తెగులు కాదు. కెనడా ఉత్తరాన మంచునేలల్లో సీల్‌ మాంసం, దుప్పి మాంసం తిని బతికిన ఇనూయిట్లను 1950ల నుంచి ఊళ్లలో స్థిరపరిచారు. వాళ్ల వంటింట్లోకి కొట్లోంచి మైదా, చక్కెర వచ్చాయి. వెనకే కొత్త జబ్బులూ వచ్చాయి.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేయడం మొదలుపెట్టారు. రక్తహీనత తగ్గాలని ఆశ్రమ పాఠశాలల పిల్లలకు పెట్టారు. 2025 మార్చిలో ప్రధాని ‘మన్‌ కీ బాత్‌’లోనూ ఆదిలాబాద్‌ ఇప్పపువ్వు వంటల మాట వచ్చింది.

మనవరాలు సంచిలోంచి అలాంటి లడ్డూ ఒకటి తీసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ కొరికింది. కాసేపు నమిలింది.

‘గిది మన పువ్వే గద?’

‘అవునవ్వా. రక్తం పడతదని బడిల ఇచ్చిండ్రు.’

‘గట్లనా! వాళ్లకెవలు చెప్పిండ్రట?’ అంటూ మిగతా సగం మనవరాలికే ఇచ్చి, అవ్వ మళ్లీ పూలేరడానికి వంగింది.