శింగనమలలో పాత తరిమెన

పిల్లలూ! మీలో చాలామంది బొంగరం ఆడే ఉంటారు. ఆ బొంగరం అంత నున్నగా, అంత గుండ్రంగా ఎలా తయారవుతుందో ఎప్పుడైనా చూశారా? చూడకపోతే రండి, శింగనమల వెళ్ళి చూతాము.

శింగనమల అనంతపురానికి ఈశాన్యంగా ఉన్నది. దారి పొడుగునా ఎర్రనేలలూ, వేరుశనగ చేలూ, రాతి గుట్టలూ కనిపిస్తవి. ఈ సీమలో ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. కోస్తాలో దాదాపు ఇందుకు రెండింతలు పడుతుంది. నైరుతి మేఘాలు తమ నీటిలో చాలా భాగం పడమటి కనుమల మీదనే కురిపించి ఇటు వస్తవి. తూర్పు సముద్రమేమో చాలా దూరం. అందుచేత ఇక్కడ కరువు తరచుగా వస్తుంది.

అయినా శింగనమలలో ఒక గొప్ప చెరువు ఉన్నది. అనంతపురం జిల్లాలోని పెద్ద చెరువులలో ఇది ఒకటి. చెరువు కూడా ఒక యంత్రం వంటిదే. కట్ట నీటిని ఆపుతుంది. తూము కావలసినంత నీటిని వదులుతుంది. మరువ ఎక్కువైన నీటిని బయటికి పంపుతుంది. ఏ యంత్రానికైనా మరమ్మతు కావాలి గదా! చెరువుకు పూడిక తీయటమే మరమ్మతు.

పూర్వం ఇటువంటి ఊళ్ళలో చెరువు నిండితే వడ్రంగికి చేతినిండా పని ఉండేది. మడకలు కావాలి, బండిచక్రాలు కావాలి. చెరువు ఎండితే అడిగేవాడు లేడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని ఇంకా తగ్గిపోయింది.

నేను వెళ్ళినప్పుడు ఒక ముసలి వడ్రంగి ఇంటి ముందు పందిరి కింద ఒక పెద్ద ఇనప వస్తువు ఉన్నది. నిండా తుప్పు. అది పాత తరిమెన. కొయ్యను గిరగిరా తిప్పుతూ ఉంటే, ఉలి ఆనించి దానిని గుండ్రంగా చెక్కే యంత్రమే తరిమెన. లేత్ అని కూడా అంటారు. శింగనమల మండలంలోనే తరిమెల అని ఒక ఊరు ఉన్నది. పేర్లలో ఒక్క అక్షరమే తేడా గాని, రెండింటినీ కలిపి పొరపడకండి!

ఆ యంత్రాన్ని పాత ఇనుము కొట్టువాడు మరునాడు కరిగించటానికి పంపబోతూ ఉంటే, వడ్రంగి తూకం ధరకు కొన్నాడట. వేరుశనగ అమ్మిన డబ్బు దానికే సరిపోయింది.

‘‘ఈ తుప్పు దిమ్మకు అంత డబ్బా?’’ అన్నది ఆయన భార్య.

‘‘పూడిక చేరిందని చెరువును వదిలేస్తామా? తుప్పు పైనే ఉంటుంది,’’ అన్నాడాయన.

కాని ఆయన కళ్ళు మూసుకుని కొనలేదు. చిన్న సుత్తితో యంత్రాన్ని అక్కడక్కడా తట్టి చూశాడు. పోత ఇనుము బాగుంటే ఖంగున మోగుతుంది. పగులు ఉంటే బొంగురుగా పలుకుతుంది, పగిలిన కుండ లాగానే. తరువాత ఇరుసును చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపాడు. ఎంత వదులుగా ఉన్నదో దానితో తెలిసిపోయింది.

ఇక విప్పటం మొదలైంది. ఒక బోల్టు ఎంతకీ కదల్లేదు. తుప్పు, తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మరలు బిగుసుకుపోతవి.

‘‘జేజినాయనా! సమ్మెటతో ఒక్కటి వేస్తే ఊడిపోదా?’’ అన్నాడు మనమడు. ఆ సీమలో చాలామంది తాతను జేజినాయన అంటారు.

‘‘ఊడదురా, పగులుతుంది! పోత ఇనుము వంగదు. పగిలితే మన డబ్బంతా పోయినట్టే,’’ అన్నాడు తాత.

ఆయన బోల్టు చుట్టూ కిరసనాయిలు పోసి మూడు రోజులు ఆగాడు. నాలుగో రోజున అది మెల్లగా తిరిగింది.

చిన్న చిన్న భాగాలను రాత్రంతా చింతపండు నీళ్ళలో నానవేశారు. చింతపండులోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. పొద్దున కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, వెంటనే నూనె పూశారు. పులుపు మిగిలితే మళ్ళీ తుప్పు పడుతుంది. మనమడు ఇంట్లోని వేరుశనగ నూనె తెచ్చాడు. తాత వద్దన్నాడు. తిండి నూనె కొన్నాళ్ళకు జిగురుగా మారి ఇరుసును పట్టేస్తుంది. దానికి యంత్రాల నూనే కావాలి. పాత రంగును పొడిగా గీకవద్దని కూడా చెప్పాడు. పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఆ ధూళి పీలిస్తే, ముఖ్యంగా పిల్లలకు, చాలా హాని.

ఇరుసు తిరిగేచోట ఒక మెత్తని తెల్లలోహం ఉన్నది. 1839లో ఐజక్ బాబిట్ అనే అమెరికావాడు ఇటువంటి లోహాన్ని కనిపెట్టాడు. ఇసుక రేణువు పడితే అది ఆ మెత్తని లోహంలో దిగబడిపోతుంది, ఇరుసు గీసుకుపోదు. అరిగితే మళ్ళీ కరిగించి పోయవచ్చు. ఆ పని తెలిసినవాడి చేత చేయించారు.

కొయ్య పనికి ఇనప యంత్రాలు పెద్దయెత్తున వాడటం మొదలై రెండు వందల ఏళ్ళు దాటింది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవులో ఓడలకు కావలసిన కొయ్య కప్పీలు చేయటానికి మార్క్ బ్రూనెల్ యంత్రాలు ఆలోచించగా, హెన్రీ మాడ్స్‌లే వాటిని తయారుచేశాడు. 1808 నాటికి 110 మంది పనివాళ్ళు చేసే పనిని 10 మంది చేయగలిగారు. వాటిలో కొన్ని లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నవి.

చివరకు మన తరిమెనకు మోటారు పెట్టారు. ఇక్కడ ఒక చిన్న లెక్క. మోటారు నిమిషానికి 1440 సార్లు తిరుగుతుంది. దాని చక్రం అడ్డుకొలత 3 అంగుళాలు, తరిమెన చక్రం 6 అంగుళాలు. రెండింటికీ పట్టీ వేస్తే తరిమెన ఎన్నిసార్లు తిరుగుతుంది? సరిగ్గా సగం, 720 సార్లు. లావు కొయ్యను నిదానంగా తిప్పాలి, సన్నదానిని వేగంగా తిప్పవచ్చు. తాత పట్టీకి రేకు కప్పు పెట్టి, పంచె ఎగగట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, మనమణ్ణి దూరంగా నిలబెట్టాడు. తిరిగే యంత్రం గుడ్డ కొసను అందుకుంటే మనిషిని వదలదు.

మీట నొక్కాడు. అందరం ఊపిరి బిగబట్టాము. తరిమెన గుయ్యిమంటూ తిరిగింది! ఇరుసు ఊగలేదు. నల్లతుమ్మ ముక్క నుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. కొద్దిసేపటిలో బొంగరం తయారైంది. ముసలమ్మ దానిని చేతిలోకి తీసుకుని, ‘‘మంచపు కోళ్ళు కూడా చేస్తుందా?’’ అని అడిగింది.

‘‘నలుగురికీ చెప్పు. ఎవరికి కావాలన్నా చేస్తాను,’’ అన్నాడు ముసలాయన నవ్వుతూ.

మీ ఇంట్లో కూడా మూలపడిన కుట్టుమిషనో, సైకిలో ఉండవచ్చు. దానిని పాత ఇనుము కింద అమ్మేముందు పెద్దవాళ్ళతో కలిసి ఒకసారి చూడండి. ఏది విరిగింది, ఏది ఊరికే మురికి పట్టింది అని వేరుచేయండి. విరిగినది కొంచెమే అని తేలినా ఆశ్చర్యం లేదు!