రేకు పెట్టెలో సెల్‌ఫోన్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు మా గదిలోని ఎనిమిది మందిమీ కూర్చుని చాలాసేపు ఆలోచించాము. చివరికి పోయిన సంవత్సరం మా గదిలో జరిగిన గొడవ గురించే రాద్దామనుకున్నాము. గొడవ చిన్నదే. దాని వల్ల మేము నేర్చుకున్నది మాత్రం చిన్నది కాదు.

మా గదిలో గుడికి వెళ్ళే వాళ్ళమూ, చర్చికి వెళ్ళే వాళ్ళమూ, బుద్ధుడిని నమ్మే వాళ్ళమూ ఉన్నాము. తెల్లవారుజామున ఐదు గంటలకు ఒకరి సెల్‌ఫోనులో సుప్రభాతం మొదలయ్యేది. ఆ వెంటనే ఇంకొకరి ఫోనులో యేసు పాటలు, మూడో మూల నుంచి బుద్ధ వందనం. ఎవరి భక్తి వాళ్ళది, అందులో తప్పు లేదు. కానీ పక్కవాడి పాట వినపడకూడదని సౌండు పెంచడం మొదలుపెట్టాము. ఒకరోజు మాటా మాటా పెరిగి ఒక ఫోను నేలకేసి కొట్టేదాకా వచ్చింది. 2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు, ఆ మిత్రుడి నాన్న రెండు మేకలు అమ్మి కొనిచ్చిన ఫోను అది. వాడు ఎవరినీ ఏమీ అనలేదు. పగిలిన ఫోను తలకింద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొట్టింది ఎవరో ఇక్కడ రాయడం లేదు. మేమందరం కొట్టినట్టే.

శాంతి కోసం పెట్టుకున్న పాటలతోనే మా గదిలో శాంతి పోయింది.

మరునాడు తలా కొంత వేసుకుని ఆ ఫోనుకు అద్దం మార్పించాము. ఒక పాత రేకు పెట్టె తెచ్చి, ఉదయం ఐదు నుంచి ఆరు వరకు, సాయంత్రం స్టడీ అవర్‌లో ఏడు నుంచి తొమ్మిది వరకు ఫోన్లన్నీ అందులో పెట్టి తాళం వేయాలని నియమం పెట్టుకున్నాము. ప్రార్థన ఎవరిది వాళ్ళు మనసులో చేసుకోవాలి. వారం రోజుల్లోనే గది మారిపోయింది. చదువు సాగింది, కబుర్లు కూడా పెరిగాయి. ఫోను లేకపోవడమే ప్రశాంతత అని పక్క గదుల వాళ్ళకు కూడా గొప్పగా చెప్పాము.

ఒక రాత్రి తొమ్మిదికి పెట్టె తెరిస్తే మాలో ఒకరి ఫోనులో పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వాళ్ళ అమ్మను ఆస్పత్రిలో చేర్చారు. అప్పటికి వాళ్ళ ఊరి చివరి బస్సు వెళ్ళిపోయింది. వార్డెన్ గారు తన బండి మీద ఎక్కించుకుని మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్ళి వేరే బస్సు ఎక్కించారు. అమ్మ కోలుకున్నది. కానీ వెళ్ళేటప్పుడు వాడన్న మాట మమ్మల్ని వదల్లేదు: "మన ప్రశాంతత మనకే రా, మా అమ్మకు కాదు."

ఆ తర్వాత సెలవుల్లో మేము నాగార్జునసాగర్ చూడడానికి వెళ్ళాము. లాంచీలో నాగార్జునకొండకు పోతుంటే, మా కింద నీళ్ళలో ఒక నగరం ఉందని సారు చెప్పారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అది. బౌద్ధ భిక్షువులు ధ్యానం చేసుకున్న విహారాలు, స్తూపాలు ఆ లోయలోనే ఉండేవి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. లోయలోని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ మనుషుల కష్టాన్ని కూడా మరిచిపోకూడదు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. మాలో కొందరి ఇళ్ళలో ఉడికే అన్నం ఆ నీళ్ళదే.

ఆనకట్టకు 26 గేట్లు ఉన్నాయి. వాటిని చూస్తూ మాకు మా రేకు పెట్టె గుర్తుకొచ్చింది. గేట్లు ఎప్పుడూ తెరిచి ఉంటే నీళ్ళు నిలవవు. వరద వచ్చినా మూసే ఉంచితే కట్టకే ముప్పు. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. మా పెట్టెకు తాళం ఉంది గానీ ఆ మనిషే లేడు.

మా సీనియర్ అన్న ఒకాయన హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర, నాగార్జునసాగర్ రోడ్డులోనే ఉన్న విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరం చేసి వచ్చాడు. అక్కడ మొదటి రోజే ఫోన్లు తీసుకుని దాచిపెడతారట. కానీ ధ్యానం నేర్పే గోయెంకా గారి గొంతు మాత్రం రికార్డింగులోనే వినిపిస్తుంది. ఆయన 2013లో చనిపోయారు, బోధన ఆగలేదు. ఆయన గురువు ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే ధ్యానం నేర్పినవారు. పాళీ త్రిపిటకం ఇవాళ కంప్యూటర్‌లో తెలుగు లిపిలో కూడా చదువుకోవచ్చు. అంటే యంత్రం ఆధ్యాత్మికతకు శత్రువు కాదన్నమాట. దాని చోటు దానికి చూపించాలి, అంతే.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన మన బాబాసాహెబ్ అంబేడ్కర్, ధమ్మం అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన మంచి నడవడి అని 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. ఆ మాట మాకు ఇప్పుడు అర్థమవుతున్నది. పక్క చాప మీద పడుకున్నవాడు ఎందుకు గోడ వైపు తిరిగాడో పట్టించుకోకుండా ఎన్ని పాటలు విన్నా, ఎంతసేపు కళ్ళు మూసుకున్నా అది శాంతి కాదు.

ఇప్పుడు మా నియమం మార్చుకున్నాము. పెట్టె అలాగే ఉంది. రోజుకొకరి ఫోను మాత్రం బయట ఉంటుంది. ఎవరి ఫోను ఏ రోజు బయట ఉంటుందో ఎనిమిది మంది ఇళ్ళల్లోనూ చెప్పి, ఎనిమిది నంబర్లూ ఇచ్చాము. అది మోగితే ఆ రోజు డ్యూటీ ఉన్నవాడు ఎత్తి, ఎవరికైతే వాళ్ళకు ఇస్తాడు. పండగ రోజున ఆ పండగ చేసుకునే వాళ్ళ పాట ఒక్కటి గట్టిగా పెడతాము, అందరం వింటాము.

తమ్ముళ్ళారా, మీ గదిలోనూ ఒక పెట్టె పెట్టుకోండి. కానీ మాలాగా ఒక అమ్మ పదకొండు సార్లు ఫోన్ చేసిన తర్వాత నేర్చుకోవద్దు. మా కంటే ముందు ఈ గదుల్లో ఉండి వెళ్ళిన అన్నలారా, మీ రోజుల్లో ఇంటి కబురు ఉత్తరం ముక్క మీద వచ్చేది. అయినా పక్కవాడి కష్టం మీకు తెలిసేదని మీరే చెబుతారు. అది ఎలా తెలిసేదో వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మా గదికి వచ్చి చెప్పండి. చాప వేసి ఉంచుతాము.