మెదక్ గోపురం, బోల్టన్ నక్షా

మెదక్ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. దాని నక్షా పుట్టింది ఇంగ్లండ్‌లోని నూలు మిల్లుల ఊరు బోల్టన్‌లో. అక్కడ జోనస్ బ్రాడ్‌షా 1862లో పెట్టిన వాస్తుశిల్ప కార్యాలయంలో తర్వాత గాస్, హోప్ భాగస్వాములుగా చేరారు. మిల్లులు, బడులు, మెథడిస్టు చర్చిలు ఆ బల్లల మీదే రూపు దిద్దుకున్నాయి. పొగగొట్టం గీసిన చేతికే గోపురమూ అప్పగించడం ఆ కాలానికి వింత కాదు.

అన్ని స్తంభాలూ నక్షాతో పుట్టవు. బొర్రా గుహల్లో సున్నపురాయి స్తంభాలకు నక్షా లేదు; నీటిబొట్టు రాలిన చోటల్లా పెరిగాయి. మెదక్ చర్చి స్తంభాలు మాత్రం సముద్రాల అవతల కాగితం మీద మొదలయ్యాయి. మరి కట్టడం ఎవరిది, గీత గీసినవారిదా, రాయి మోసినవారిదా? కరువు రోజుల్లో, చర్చి కట్టించిన రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ పిలిస్తే పనికి వచ్చిన కూలీల పేర్లు ఏ నక్షా మీదా ఉండవు. చర్చి 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది.