పాల లెక్క

మా ఊరు ఉద్దనపల్లి. హోసూరు నుండి రాయకోటకు పోయే దారిలో ఉన్నది. ఇంట తెలుగు, సంతలో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలవారికి ఇది కొత్త సంగతి గాదు. మా అన్నకొడుకు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, సెలవు రోజులలో ఇంట కూర్చుని సెల్‌ఫోనులో నడిచే ఒక చిన్న యాప్ తయారుచేసినాడు.

దాని పని పాల లెక్క. ఏ ఇంటికి ఏ పూట ఎన్ని లీటర్లు పోసినదీ, ఎవరు ఎంత బాకీ ఉన్నదీ తెలుగులో వ్రాసుకొని, నెల ముగియగానే ఇంటింటికీ చీటీ పంపవచ్చును. మా వదినగారు పూటకొక గీత చొప్పున గోడమీద బొగ్గుతో గీసుకోవడం చూసి వానికి ఈ ఊహ పుట్టినది. నెలకు 20 రూపాయలు చందా. చుట్టుపట్ల పాడి ఉన్నవారు 40 మంది దాకా చేరినారు. మేమూ చేరినాము.

ఏడాది తిరగకముందే ఒక పెద్ద సంస్థ తన యాప్‌లో అచ్చం అటువంటి లెక్కనే చేర్చి ఊరకే ఇచ్చినది. చీటీ పంపే తీరు గూడా అదే. చూసి చేసినారో, వారికే తోచినదో చెప్పలేము. 40 మందిలో 10 మంది మిగిలినారు.

పెద్దలు చిన్నవారి దారిన నడవడం కొత్తగాదు. అమెరికాలో డాన్ వుడ్ అనే ఆయన 2001లో, తన చిన్న సంస్థ కరేలియా తరఫున ‘వాట్సన్’ అనే ప్రోగ్రాము విడుదల చేసినాడు. సినిమా వేళలు, విమానాల రాకపోకలు వంటివి ఇంటర్నెట్టులో వెదకి ఒక్కచోట చూపేది. ఆపిల్ కంపెనీవారే 2002లో దానికి బహుమతి ఇచ్చినారు. ఆ సంవత్సరమే తమ ‘షెర్లాక్’లో అవే సదుపాయాలు చేర్చినారు. వారు ముందునుండే ఆ పనిలో ఉన్నారనేవారూ లేకపోలేదు. ఏమైనా, అప్పటినుండి ఇటువంటి దానికి ఆ వృత్తివారిలో ‘షెర్లాక్ చేయడం’ అనే మాటే పుట్టినది.

కోర్టుకు పోరాదా అని మా అన్నయ్య అడిగినాడు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగా లెక్కిస్తుంది. అనగా వ్రాసిన వ్రాతకే రక్షణ. అందులోని ఊహకు లేదు. పేటెంటు చట్టమో, ఉత్త ప్రోగ్రామును ఆవిష్కరణగానే ఒప్పుకోదు. ఇది ఒకందుకు మంచిదే. ఊహకు కంచె వేసే వీలుంటే ముందుగా వేసేవారు పెద్దవారే గదా!

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పినాము. ఇక మా సంగతి. ఉగాదికి వచ్చినప్పుడు మా అన్నకొడుకు ఏదో పనిమీద మా ఫోను తీసుకొని చూసినాడు.

“చిన్నాయనా, మీరు గూడా దాన్నే పెట్టుకొన్నారా?” అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. ఊరకే వస్తున్నప్పుడు 20 రూపాయలు ఎందుకని మానివేసినాము. వాడు మరొక మాట అనలేదు. వదినగారు మాత్రం ఆ పూట మాకు కాఫీ ఇచ్చి పలుకరించకుండా లోపలికి పోయినారు.

తరువాత ఒకనాడు ఆ పెద్ద యాప్‌లో మా రెండు నెలల బాకీల లెక్క మాయమైనది. ఎవరిని అడగాలో తెలియలేదు. మా వాడైతే ఆదివారం వచ్చి అరుగుమీద కూర్చుని సరిచేసి పోయేవాడు. వాట్సన్‌ను మరుగుపరచిన షెర్లాక్‌ను గూడా ఆపిల్‌వారు 2007లో తీసివేసినారు. ఊరకే వచ్చినది, ఇచ్చినవారికి అక్కర తీరిననాడు ఊరకే పోతుంది.

మేము మరల వాని చందా కట్టినాము. దానితో వాని నష్టం పూడదని తెలుసును. మన పిల్లలు చేసిన వస్తువు మనకు పనికివచ్చినప్పుడు, దాని వెల మనమే ఇవ్వకపోతే ఎవరిస్తారు? వాడిప్పుడు తల్లి అడిగినదని పెరుగు లెక్క గూడా చేరుస్తున్నాడు.