పలుగురాయిలో చల్లారిన వేన్నీళ్లు

మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్ ఘాట్‌రోడ్డు ఎక్కేవాళ్లకు ఆ నున్నటి గుండ్రాళ్లను చూడగానే, ఎప్పుడో అగ్నిపర్వతం పేలి ఇవన్నీ కక్కిందేమో అనిపిస్తుంది. అది నిజం కాదు. గ్రానైటు భూమి మీదికి ఉబికిన రాయి కాదు, కిలోమీటర్ల లోతున నింపాదిగా చల్లారింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక బయటపడి, ఎండకూ వానకూ ఉల్లిపాయలా పొరలు ఊడుతూ గుండ్రబడింది.

నాలుగు వేల అడుగులు దాటిన ఈ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది కట్టుకోవడంతో ఆయన పేరు అతుక్కుంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మను చిన్నప్పుడు ఏనుగులే సాకాయట. పెద్దదై చెంచుల జబ్బులు నయం చేసేదట. ఒకనాడు కనిపించకుండా పోతే గుడి కట్టి కొలిచారు. కలెక్టరు పేరుకన్నా నాకు ఈ పేరే ఇష్టం. ఇప్పుడు ఏనుగుల్ని చూడాలంటే మాత్రం ఈ కొండకు కాదు, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవికి పోవాలి. అక్కడి రైతులకు అవి కథలో ఏనుగులు కావు, రాత్రికి రాత్రి చేను తొక్కి పోయేవి.

అగ్నిపర్వతం జాడ కూడా కుప్పం వైపే ఉంది. చూడబోతే శిఖరం లేదు, బిలం లేదు. కోలారు నుంచి గుడుపల్లె మండలం దాకా సాగే సన్నటి నల్లరాతి పట్టీ ఒకటి, అంతే. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా అది. కొంత నీళ్లలోకి పారింది. నీటిని తాకగానే లావా పైపొర గట్టిపడి, లోపలిది ఇంకా తోసుకొస్తూ దిండ్లు పేర్చినట్టు గడ్డకడుతుంది. అలాంటి రాళ్లు కోలారు గనుల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

మరి వేడి ఊటల సంగతి? అవీ ఉండేవి, నేల మీద కాదు, నేల అడుగున. లోతుల్లో సలసల కాగిన నీళ్లు రాతి పగుళ్ల వెంట పైకి వస్తూ తమలో కరిగిన బంగారాన్ని, సిలికాను అక్కడే వదిలేశాయి. ఆ పగుళ్లే ఈనాటి పలుగురాయి చారలు. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తంలో తవ్వినదీ ఆ బంగారం కోసమే. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. చిగురుగుంట కూడా వాటిని నడిపిన ప్రభుత్వ కంపెనీ చేతిలోని గనే, అక్కడా పని ఆగింది. లావా పట్టీ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకు నేల చీలికల్లోకి దూరి గట్టిపడిన డోలరైటు రాయి కథ వేరు. దాన్ని పలకలుగా కోసి, మెరుగుపెట్టి, కుప్పం పేరుతోనే ఎగుమతి చేస్తారు.

ఇవాళ నిజంగా వేడినీళ్లు తాకాలంటే మన్యానికి, భద్రాచలం, మణుగూరు వైపు వెళ్లాలి. ఆ వేడికీ అగ్నిపర్వతానికీ సంబంధం లేదు. వాననీరు గోదావరి లోయ పగుళ్లలోకి దిగి, భూగర్భపు వేడికి కాగి మళ్లీ పైకి వస్తుంది.

మదనపల్లె సీమకు దక్కినవి చన్నీళ్లు. పుంగనూరు దగ్గర చౌడేపల్లె మండలంలోని బోయకొండలో గంగమ్మ వెలసింది. నవాబు సైన్యం బోయపాళేల మీద పడితే, బోయల మొర విని అమ్మ ఆ సైన్యాన్ని నరికి పోగులు పెట్టిందని చెబుతారు. కొండ మీది పుష్కరిణి తీర్థం ఒంట్లో రోగాలకే కాదు, పంట చీడకూ మందని నమ్మకం. పురుగుమందు డబ్బా కొనే రైతే ఇక్కడికొచ్చి సీసా నింపుకుంటాడు. ఊరు చేరి స్నానం చేసి, వేపమండ ఆ నీళ్లలో ముంచి, టమోటా మడి నాలుగు మూలలా చల్లి వస్తాడు.