తూటాకూ ఓ మెలిక!

బొంగరం తిరిగినంతసేపే నిటారుగా నిలబడుతుంది. వేగం తగ్గిందా, తూలుతుంది. ఆపైన పక్కకు ఒరుగుతుంది. తుపాకీ గుండుదీ అదే కథ.

మన పల్లెల్లోని నాటు తుపాకీకి ఈ బాధ లేదు. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. అందులో వేసేది గుండ్రటి గుండు. అది ఎటు తిరిగినా ఒకటే. కాకపోతే గురి ఎక్కువ దూరం నిలవదు. రైఫిల్ అలా కాదు. గొట్టం లోపల మరలాగా మెలికలు తిరిగిన గాడులుంటాయి. పొడవాటి గుండు వాటిని ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. ఆ తిరుగుడే దాన్ని ముక్కుసూటిగా నడిపిస్తుంది.

బెంగళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) పేరు అడవి కథలు చదివేవారికి కొత్త కాదు. తిరుపతి దగ్గరి మామండూరు అడవులు ఆయన రచనల్లో కనిపిస్తాయి. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిల్. 1904లో వచ్చిన తూటా అది. అమెరికా అధ్యక్షుడిగా దిగిపోయాక 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా దాన్నే వెంట తీసుకెళ్లాడు. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాటే. పొట్టిగా, లావుగా ఉంటుంది. అందుకే దాని గొట్టంలో మెలిక నిదానం. 14 అంగుళాలకు ఒక చుట్టు.

మరి 6.5 మిల్లీమీటర్ల మాన్లిచర్ సంగతో? దాని గుండు సన్నం, పొడవు. నిలబడాలంటే బాగా తిరగాలి. అందుకే అక్కడ సుమారు 8 అంగుళాలకే ఒక చుట్టు.

ఈ లెక్క 1879లోనే తేలింది. ఇంగ్లండ్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ ఓ సూత్రం చెప్పాడు. గుండు వ్యాసాన్ని దాంతోనే గుణించి, 150తో హెచ్చవేసి, గుండు పొడవుతో భాగించాలి. 0.30 అంగుళాల వ్యాసం, 1.2 అంగుళాల పొడవుంటే సుమారు 11 అంగుళాలకు ఒక చుట్టు చాలు. పొడవు 1.5 అయితే 9 అంగుళాలకే ఒక చుట్టు కావాలి. పది అంగుళాల మెలిక ఉన్న పాత రైఫిల్‌కు మొదటిది సరిపోతుంది. రెండోది తూలే ప్రమాదం ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చూడాల్సింది బరువును కాదు, పొడవును. .303 రైఫిల్‌కు 1910లో బ్రిటిష్ వాళ్లు గుండు మార్చారు. 215 గ్రెయిన్ల మొద్దు గుండు పోయి, 174 గ్రెయిన్ల మొనదేలిన గుండు వచ్చింది. ముక్కు లోపల సీసానికి బదులు తేలికైన అల్యూమినియం పెట్టారు. బరువు తగ్గినా పొడవు తగ్గలేదు. అందుకే గొట్టం మెలిక మార్చే పని పడలేదు.

పాత తూటాలు దొరకనప్పుడు విదేశాల్లో చేత్తో నింపుకోవడం మామూలే. మందు తగ్గించి నింపితే వేగం తగ్గుతుంది. వేగంతోపాటు తిరుగుడూ తగ్గుతుంది. అసలే అంచున ఉన్న గుండు అప్పుడు పల్టీలు కొడుతుంది. కాగితం గురి మీద గుండ్రటి రంధ్రానికి బదులు అడ్డంగా చీలిక పడుతుంది. కాగితం మీదైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. అడవిలో అయితే అది గాయపడిన పులి. అలా గాయపడి మామూలు వేట చేతకాని పులి మనుషుల మీద పడుతుందని ఆండర్సన్, జిమ్ కార్బెట్ ఇద్దరూ రాశారు. వేటగాడి లెక్క తప్పితే ఆ బాకీ తీర్చేది కట్టెలకు వెళ్లిన పల్లె జనం!

ఆ రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి చట్టం వేట సరదాకు తెరదించింది. 1989లో శేషాచలం అడవుల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

అయినా తాతల నాటి రైఫిల్ లైసెన్సుతో ఇంట్లో ఉన్నవారు దాని మెలిక తెలుసుకోవచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి. శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టాలి. కడ్డీ స్వేచ్ఛగా తిరిగేదై ఉండాలి. దానిమీద గుర్తు పెట్టి మెల్లగా తోయాలి. గుర్తు ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు వెళ్లిందో అదే మెలిక. ఆ అంకెను లైసెన్సు కాగితాలతో పాటు రాసిపెట్టుకుంటే, రేపు ఆ రైఫిల్ చేతికందే మనవడికి ఏ గుండు అడగాలో తెలుస్తుంది.